ధర్మరాజు గొంతులో ఉన్నాడా, గుడిలో ఉన్నాడా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. ఉద్యోగాల వల్ల తిరుపతిలో ఉంటున్నాం. మా నాయన రిటైరై నాలుగేళ్ళయింది. ఏడాదిగా ఫోన్లో వీడియోలు చూసి, భారతమంతా మన శరీరంలోనే జరుగుతోందని అంటున్నాడు. పాండవులంటే వెన్నులోని ఐదు చక్రాలంట, కౌరవులంటే నూరు దుర్గుణాలంట, ముప్పైమూడు కోట్ల దేవతలంటే ముప్పైమూడు వెన్నుపూసలంట. మొన్న మా ఊళ్ళో భారతం జరిగింది. దుర్యోధన వధ చూడటానికి మా అవ్వ (నాయన వాళ్ళ అమ్మ, ఎనభై ఆరేళ్ళు) బయల్దేరితే, 'మట్టి బొమ్మ కోసం ఎండలో ఎందుకు పోతావు, కురుక్షేత్రం నీ వెన్నులో ఉంది' అని నలుగురిలో అన్నాడు. అవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె భారతంలో అర్జునుడు ఎక్కే తపసు మాను కింద వరపడితేనే (బిడ్డ కోసం బోర్లా పడుకుని మొక్కితేనే) నాయన పుట్టాడని, అందుకే ఆయనకు అర్జునుడి పేరు పెట్టామని చెప్తుంది. మా అబ్బాయికి పన్నెండేళ్ళు. 'తాత చెప్పేది కరెక్టా, పెద్దవ్వ చెప్పేది కరెక్టా' అని నన్ను పట్టుకున్నాడు. ఇంకో టెన్షన్ కూడా ఉంది. ధర్మరాజు స్థానం గొంతు కాబట్టి అక్కడ ధ్యానం చేస్తే చాలని నాయన మూడు నెలలుగా థైరాయిడ్ మాత్ర మానేశాడు. ఇవన్నీ నిజంగా మన గ్రంథాల్లో ఉన్నాయా? ఆయనతో ఎలా మాట్లాడాలి?
– ఒక కూతురు, తిరుపతి

అమ్మా,

మీరు చివర రాసిన మాత్ర సంగతి నేను ముందుకు తెస్తాను. మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోన్ తయారు చెయ్యనప్పుడు ఆ లోటును మాత్ర పూడుస్తుంది. ఇందులో ఒక చిక్కుంది. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుంది కాబట్టి, మానేసినవాళ్ళకు మొదటి కొన్ని వారాలు ఏ తేడా తెలీదు. ధ్యానం పని చేసిందనే అనిపిస్తుంది. తర్వాత నీరసం, చలి, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, మతిమరుపు ఒక్కొక్కటే వస్తాయి. అరవై దాటిన మనిషిలో వీటిని చూసి 'వయసు మీద పడింది' అనుకుని ఊరుకుంటాం. ఈలోపు గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఈ వారంలోనే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించండి. మూడు నెలలు ఆగిపోయింది కాబట్టి పాత డోసు మీరే మళ్ళీ మొదలుపెట్టకండి. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరు గుండె సంగతి కూడా చూసి చెప్తారు. ధ్యానం మానమని మాత్రం ఆయనతో అనొద్దు. ధర్మరాజు గొంతులోనే ఉన్నాడనుకుందాం. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర తన పక్క నుంచి దిగిపోతే ఆయనేమీ అనుకోడు.

ఇక గ్రంథాల సంగతి. మీ నాయనగారు గాలిలోంచి మాట్లాడటం లేదు. కథను ఒంట్లోకి తెచ్చుకుని చదవడం మనకు చాలా పాత అలవాటు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్తాడు: శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, లోపల కూర్చున్నవాడు ఆత్మ. అధర్వణ వేదంలో ఎనిమిది చక్రాలు, తొమ్మిది ద్వారాలు ఉన్న దేవతల పురం ఒకటుంది, దాని పేరు అయోధ్య. రాముడి ఊరు కాదది, జయించడానికి వీల్లేని మన దేహం. శంకరుల పేరుతో ఉన్న ఆత్మబోధలో రామాయణమంతా ఒక్క శ్లోకంలో ఇమిడిపోయింది. మోహమనే సముద్రం దాటి, రాగద్వేషాలనే రాక్షసులను చంపి, శాంతితో కలిసి వెలిగే యోగిని అందులో ఆత్మారాముడన్నారు. ఇక్కడ శాంతే సీత.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది భాగవతం నాలుగో స్కంధంలోని పురంజనుడి కథ. మన పోతన భాగవతంలోనూ ఉంది. పురంజనుడు అనే రాజు ఊరు వెతుక్కుంటూ వెళ్ళి తొమ్మిది వాకిళ్ళ పట్టణం చూస్తాడు. తూర్పున ఐదు వాకిళ్ళు: రెండు కళ్ళు, రెండు ముక్కుపుటాలు, నోరు. దక్షిణాన ఒక చెవి, ఉత్తరాన ఒక చెవి. పడమట కింది రెండూ. ఆ ఊరికి ఐదు పడగల పాము ఒక్కటే కాపలా, అది ప్రాణం. రాజు అక్కడొక అందగత్తెను పెళ్ళాడి, ఆమె తింటే తిని, ఆమె నవ్వితే నవ్వి, తానెవడో మరిచిపోతాడు. అప్పుడు చండవేగుడు దండెత్తి వస్తాడు. అతని వెంట 360 మంది తెల్లని గంధర్వులు, అంతే మంది నల్లని గంధర్వ స్త్రీలు. ఏడాదిలోని పగళ్ళూ రాత్రులూ అన్నమాట. వాళ్ళు ఊరిని దోచుకుంటుంటే రాజుకు ఒళ్ళు తెలీదు. ఆ ముసలి పాము ఒక్కటే నూరేళ్ళు వాళ్ళతో పోరాడి పోరాడి నీరసపడుతుంది. మా అమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆమె ఎదరొమ్ము లేచి పడటం చూస్తున్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఈ పామే. ఏ పాఠ్యపుస్తకమూ ఊపిరిని నాకు అంత దగ్గరగా చూపలేదు.

ఒకటి గమనించండి. ఆ కథ చెప్పిన నారదుడే తర్వాత కూర్చుని, ఏది కన్నో ఏది చెవో, పాము ఎవరో, గంధర్వులు ఎవరో విడమరిచి చెప్తాడు. కథలోనే తాళంచెవి కూడా పెట్టి ఇచ్చారు. ఎవరికి చెప్తాడంటే, యజ్ఞాల పేరుతో లెక్కలేనన్ని పశువులను కోయిస్తున్న ప్రాచీనబర్హి అనే రాజుకి. తన సంగతి తాను చూసుకోమని ఒక మనిషికి పట్టిచ్చిన అద్దం అది.

మీ నాయనగారు చెప్పే పాండవుల లెక్కకు ఇలాంటి తాళంచెవి భారతంలో లేదు. అది క్రియాయోగ సంప్రదాయంలో వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో కాశీలో సంసారం చేసుకుంటూనే యోగం నేర్పిన లాహిరీ మహాశయుల పరంపరవాళ్ళు గీతను అలా చదివారు. పరమహంస యోగానంద ఆ పద్ధతిలోనే పెద్ద వ్యాఖ్యానం రాశారు. సహదేవుడు మూలాధారం, నకులుడు స్వాధిష్ఠానం, అర్జునుడు మణిపూరకం, భీముడు అనాహతం, ధర్మరాజు గొంతు దగ్గరి విశుద్ధం. యోగ సాధన చేసేవాళ్ళకు అది పనికొచ్చే పటం. అందులో కొంత అందంగా అమరుతుంది కూడా. అనాహతం వాయుతత్త్వం, భీముడు వాయుపుత్రుడు. మణిపూరకం అగ్నితత్త్వం, అర్జునుడు ఖాండవవనం ఇచ్చి అగ్ని ఆకలి తీర్చినవాడు. కానీ నకుల సహదేవులు ఇద్దరూ అశ్వినీదేవతల బిడ్డలు, కవలలు. వాళ్ళలో ఒకరు నీరు (స్వాధిష్ఠానం), ఇంకొకరు నేల (మూలాధారం) ఎందుకయ్యారో భారతం చెప్పదు. పటం గీసినవాళ్ళు వరస కుదరడానికి అక్కడ పెట్టుకున్నారు. అందులో తప్పేమీ లేదు, కానీ 'వ్యాసుడు చెప్పింది ఇదే, ఇంకేమీ కాదు' అంటేనే పేచీ.

వెన్నుపూసల లెక్క గురించి నేను అంత మెత్తగా మాట్లాడలేను. వెన్నుపూసలు మామూలుగా ముప్పైమూడే అంటారు గానీ, పెద్దయ్యాక కింది ఐదు కలిసి ఒక ఎముక, తోక చివరివి కలిసి ఇంకో ఎముక అయిపోతాయి. విడివిడిగా లెక్కపెడితే ఇరవై ఆరే మిగులుతాయి. ముప్పైమూడు మంది దేవతలు ఎవరో బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు స్పష్టంగానే చెప్పాడు: ఎనిమిది మంది వసువులు, పదకొండు మంది రుద్రులు, పన్నెండు మంది ఆదిత్యులు, ఇంద్రుడు, ప్రజాపతి. ఇందులో ఎముక ఎక్కడా లేదు. కానీ రుద్రులు ఎవరని అడిగితే ఆయన ఇచ్చిన జవాబు చూడండి. మనిషిలోని పది ప్రాణాలు, పదకొండోది ఆత్మ. అవి ఈ శరీరాన్ని వదిలి వెళ్ళేటప్పుడు అందరినీ ఏడిపిస్తాయి, ఏడిపిస్తాయి కాబట్టే వాటికి రుద్రులని పేరు. ఇంత మాట ఉపనిషత్తులోనే ఉండగా వెన్నుపూసలు లెక్కపెట్టుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఆ ఏడుపు దగ్గరే నాకు మీ నాయనగారితో అసలు తగాదా.

కౌరవులు నూరు దుర్గుణాలు అన్నారు. సరే. నిండు సభలో ద్రౌపది తరఫున లేచి మాట్లాడిన వికర్ణుడు ఆ నూరుమందిలో ఒకడే. ఆయన ఏ దుర్గుణం? ప్రతిజ్ఞ చేశాడు కాబట్టి భీముడు అతన్ని చంపక తప్పలేదు, చంపి బాధపడ్డాడు. కోపాన్నో లోభాన్నో గెలిచినవాడు బాధపడతాడా? యుద్ధం అయిపోయాక వచ్చే స్త్రీపర్వం తీసుకోండి. వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో గాంధారి ఆ నేలంతా చూసి, కొడుకు పక్కన కొడుకును గుర్తుపడుతూ ఏడుస్తుంది. దుర్గుణాలు చస్తే ఏ తల్లీ ఏడవదు. కురుక్షేత్రాన్ని మొత్తంగా వెన్నులోకి దించేస్తే గాంధారి కూర్చోవడానికి చోటుండదు.

అలాగని స్త్రీపర్వం ప్రతీకలకు విరోధి కాదు. దాని మొదట్లోనే విదురుడు ధృతరాష్ట్రుడికి ఒక కథ చెప్తాడు. అడవిలో ఒకడు పాడుబడ్డ బావిలోకి జారి, తీగల్లో చిక్కుకుని తలకిందులుగా వేలాడుతుంటాడు. అడుగున పెద్ద పాము, పైన ఆరు ముఖాలు పన్నెండు కాళ్ళు ఉన్న ఏనుగు. నల్లవీ తెల్లవీ ఎలుకలు వేళ్ళు కొరుకుతుంటాయి. చెట్టు మీది తేనెపట్టు నుంచి చుక్కలు పడుతుంటే వాడు నాలుక చాపి నాకుతూనే ఉంటాడు. విదురుడే అర్థం చెప్తాడు: ఏనుగు సంవత్సరం, ఎలుకలు రాత్రింబవళ్ళు, పాము కాలం, ఆ బావి ఈ శరీరం. నూరుమంది కొడుకులు పోయిన ముసలి తండ్రిని ఓదార్చడానికి చెప్పిన కథ ఇది. అదే పర్వంలో కాస్త ముందుకెళ్తే గాంధారి ఏడుపు ఉంది. వ్యాసుడు రెంటినీ పక్కపక్కనే పెట్టాడు, ఒకదానితో ఇంకోదాన్ని కొట్టెయ్యలేదు. గాంధీగారు కూడా 1888-89లో గీత మొదటిసారి చదివినప్పుడే అది మనిషి గుండెలో జరిగే యుద్ధం అనుకున్నానని చెప్పుకున్నారు. ఆయన దాన్ని తన మీద తాను పెట్టుకున్న పరీక్షగా వాడుకున్నారు.

ఇప్పుడు మీ అవ్వ దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను కాసేపు కదలనివ్వనిది ఆమె సంగతే.

మన వైపు ధర్మరాజుల గుడి భారతం గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఇటు పుత్తూరు, అటు శ్రీకాళహస్తి, మధ్యలో ఎన్నో పల్లెలు. 2022లో జిల్లా ముక్కలయింది గానీ భారతం ముక్కలు కాలేదు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, రోజుల తరబడి సాగుతుంది. పద్దెనిమిది రోజులు చేసే ఊళ్ళున్నాయి. నడుమ ఒక రోజు అర్జున తపస్సు. పొడవాటి మాను పాతి, అర్జునుడి వేషం వేసినాయన పద్యాలు పాడుతూ మెట్టు మెట్టుగా దాని కొసకు ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో నేల మీద బోర్లా పడి ఉంటారు. పైనుంచి ఆయన విసిరే నిమ్మకాయలు, పూలు, విభూతి కోసం కాచుకుని ఉంటారు. చివరి రోజు మైదానంలో పడుకోబెట్టిన బ్రహ్మాండమైన మట్టి దుర్యోధనుడి తొడ భీముడు గదతో పగలగొడతాడు. సాయంత్రం అగ్నిగుండం. చిన్నప్పుడు చాప మీద నిద్రపోయి, మద్దెల మోతకు ఉలిక్కిపడి లేచి, ఆ మట్టి కడుపు మా తాత ఎత్తు ఉందని కొలుచుకున్నవాణ్ణి నేను.

పుస్తకంలో అర్జునుడు తపస్సు చేసింది ఎందుకు? పాశుపతాస్త్రం కోసం. శత్రువుల్ని చంపే ఆయుధం అది. మన ఊళ్ళో ఆ మాను కింద పడుకునే ఆడవాళ్ళకు ఆ అస్త్రంతో పని లేదు. వాళ్ళు అదే తపస్సును తీసుకుని దాన్ని బిడ్డ పుట్టే వరంగా మార్చేశారు. ఏ పండితుడి అనుమతీ అడగలేదు. ఇతిహాసంలోని ఒక ఘట్టాన్ని తమ ఒంటితో చదువుకున్నారు, తడి చీరతో, కడుపు నేలకు ఆనించి. మీ నాయనగారు ఫోన్లో చూసి ఏడాదిగా చేస్తున్న పనిని మీ అవ్వ అరవై ఏళ్ళ కిందటే చేసింది. ఆయన పేరే దానికి సాక్ష్యం. వరపడితే పిల్లలు పుడతారని నేను పూచీ ఇవ్వను, పిల్లలు లేనివాళ్ళు డాక్టర్ని కలవాలనే చెప్తాను. కానీ ఆమె ఆ రోజు పడుకున్నది మట్టి బొమ్మ కోసం కాదని మీ నాయనగారికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

తిరుపతిలో ఉంటున్నారు కాబట్టి ఇంకొకటి. మన కొండను కూడా శరీరంగానే చూశారు పెద్దవాళ్ళు. శేషాచలం ఆదిశేషుడి ఒళ్ళు, తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అంటారు. ఈమధ్య ఏడు కొండలూ ఏడు చక్రాలనే మాట కూడా తిరుగుతోంది, దాని జోలికి నేను పోను. ఆ కొండ శేషుడి దేహమని నమ్మి రామానుజులు ఏం చేశారని చెప్పుకుంటారో మాత్రం చూడండి. కాలు మోపడం అపచారమని మోకాళ్ళ మీద ఎక్కారట. అలిపిరి దారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర ఇప్పటికీ జనం మోకాళ్ళ మీద ఎక్కుతుంటారు. కొండను దేహమన్న మాట ఆయన చేత మోకాళ్ళు వంచించింది. దాంతో ఆయన ఎవరి నోరూ మూయించలేదు.

మీ నాయనగారితో ఎలా మాట్లాడాలని అడిగారు. వాదనకు దిగొద్దు, ఆయన చూసిన వీడియోలు మీరు చూసుండరు, మొదటి పది నిమిషాల్లోనే ఓడిపోతారు. 'తప్పు' అనే మాట కూడా వద్దు. పురంజనుడి కథ తెచ్చి ఇవ్వండి. చక్రాలంటే ఇష్టమున్న మనిషికి తొమ్మిది వాకిళ్ళ ఊరు నచ్చకుండా ఉండదు. చదివాక ఆ పాము దగ్గర ఆపి, 'నాయనా, ఆ పాము ఒక్కటే పోరాడుతుంటే దానికి సాయం చేసేవాళ్ళు ఎవరూ లేరా?' అని అడగండి. మాత్ర సంగతి అక్కడ ఎత్తితే వింటాడని నా ఆశ. వినకపోయినా పరీక్ష మాత్రం ఆపొద్దు. ఆయన నమ్మే డాక్టరు ఎవరైనా ఉంటే ఆ మాట వాళ్ళ నోటితో చెప్పించండి, కూతురు చెప్తే అలుసు.

అవ్వకు ఆయన క్షమాపణ చెప్పాలని పట్టుబట్టకండి. ఆ వయసు మగవాళ్ళు తల్లికి క్షమాపణ చెప్పడం నేను పెద్దగా చూడలేదు, పక్కన కూర్చుని మజ్జిగ అడగడమే వాళ్ళకు వచ్చిన పద్ధతి. దానికి వీలు కల్పించండి చాలు.

పిల్లవాడికి ఎవరు కరెక్టో తీర్పు చెప్పకండి. 'తాత చెప్పేది కొందరు యోగులు చదివిన తీరు, పెద్దవ్వ చెప్పేది మన ఊరు చదివిన తీరు, కథ వ్యాసుడిది' అనండి. పన్నెండేళ్ళ బుర్రకు ఇది కష్టమేమీ కాదు, వాళ్ళు ఒకే సినిమాకు నాలుగు థియరీలు చెప్పుకుంటారు. తర్వాత సెలవులకు ఊరికి తీసుకెళ్ళి, తపసు మాను రోజు ఏం జరిగిందో, ఎవరు వేషం కట్టారో, పైనుంచి ఏం పడిందో, ఆ చీర రంగేమిటో పెద్దవ్వనే అడగమనండి. ఆ సమయానికి మీ నాయనగారు అక్కడే మంచం మీద ఉండేలా చూసుకోండి. తాను పుట్టిన కథను ఆయన ఇప్పటిదాకా పూర్తిగా విని ఉండరని నా అనుమానం.